పని అయిపోయి వచ్చిన రాయి

ఎవరింటికైనా పోతే నేను ముందు మనుషుల్ని చూడను, అద్దాల బీరువా చూస్తాను. ఇది మంచి అలవాటు కాదని నాకు తెలుసు. ముప్పై ఏళ్ళకు పైగా బడిపిల్లలకు బుద్ధులు చెప్పి రిటైరైనదాన్ని, నాకు మాత్రం ఈ గుణం పోలేదు. పోయిన నెల నంద్యాలలో సుజాత ఇంటికి పోయినప్పుడూ అంతే. మోకాలి ఆపరేషన్ చేయించుకున్న మనిషి, కుర్చీ పట్టుకుని కష్టంగా లేచి, "రా ఈశ్వరీ, ఇన్నేండ్లకు దావ తెలిసిందా?" అంటూ చేయి చాస్తోంది. నా కళ్ళేమో ఆమె భుజం మీదుగా గోడవారనున్న బీరువాలోకి పోయాయి. అక్కడుంది ఆ రాయి. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఆ పచ్చదనం తగ్గలేదు. నా కడుపుమంటా తగ్గలేదు.

సుజాత మా మేనమామ కూతురు. నాకన్నా మూడు నెలలు పెద్ద. ఆ మూడు నెలల తేడాకు నేను ఆమెను వదినా అని పిలవాల్సి వచ్చేది, ఆమె నన్ను పేరు పెట్టి పిలిచేది. పోనీ ఆ పేరైనా బాగుందా అంటే అదీ లేదు. మా అవ్వ పేరు ఈశ్వరమ్మను తెచ్చి నాకు తగిలించారు. ఆమెకు మాత్రం ఇంట్లో ఎవరిదీ కాని కొత్త పేరు పెట్టారు. ఆమెకు రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, నంద్యాలలో ఇంగ్లీషు బడి. నాకు ఒంటి జడ, దాన్నిండా రాతిపొడి. వేసవి సెలవుల్లో ఆమె మా ఊరొస్తే పక్కింటి వాళ్ళు కూడా "ఎంత తెల్లగుందో" అనేవాళ్ళు. ఆ మాట అంటూ ఒకసారి నావైపు కూడా చూసేవాళ్ళు.

మాది ఆళ్లగడ్డ. కడప పోయే రోడ్డు పక్కన రాతిబొమ్మలు చెక్కేవాళ్ళ కొట్టాలు వరసగా ఉండేవి. అందులో ఒకటి మా నాయనది. ముందు కొట్టం, వెనక ఇల్లు. మా ఇంట్లో పొద్దు కొలిమితో మొదలయ్యేది. ముందురోజు మొద్దుబారిన ఉలులన్నిటినీ నాయన బొగ్గుల్లో ఎర్రగా కాల్చి, మొనలు సాగగొట్టి, నీళ్ళతొట్టిలో ముంచేవాడు. ఆ చుయ్యిమనే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. కాలిన ఇనుము వాసన, బొగ్గు పొగ, వంటింట్లోంచి జొన్నరొట్టె వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు తెల్లవారినట్టు. ఇక పగలంతా ఉలిదెబ్బలు. కంచంలో దుమ్ము, పక్కబట్టల్లో దుమ్ము, పుస్తకం తెరిస్తే దుమ్ము. అమ్మ రోజుకు మూడుసార్లు ఊడ్చేది, మూడుసార్లూ "ఈ ఇంటికి దుమ్మే పెద్దకొడుకు" అని ఒకే మాట అనేది. నాయన తల ఎత్తేవాడు కాదు. ఆయనకు మాటల పొదుపు ఎక్కువ. ఎప్పుడో సుత్తి తగిలి ఎడమచేతి మూడోవేలు సరిగ్గా ముడుచుకునేది కాదు, అందుకే ఆయన చేతిలో ఉలి కొంచెం పక్కకు వాలేది. బొమ్మ పూర్తయ్యాక కొబ్బరినూనెలో దీపపు మసి కలిపి ఒళ్ళంతా రుద్ది, రెండడుగులు వెనక్కి వేసి చూసి "సరే" అనేవాడు. ఆయన మెచ్చుకోలు అంతవరకే.

రాయి లారీ దిగగానే ఆయన ఉలి పట్టేవాడు కాదు. ముందు దాని మీద నీళ్ళు పోయించేవాడు. తడి ఆరేటప్పుడు ఎక్కడైనా సన్నగీత ఒకటి ఆరకుండా మిగిలితే లోపల పగులు ఉన్నట్టు లెక్క. ఆ తర్వాత చిన్న సుత్తితో మూడుచోట్ల మెల్లగా కొట్టి, చెవి ఆనించి వినేవాడు. గంట మాదిరి మోగితే "పలికింది" అనేవాడు. ఆ రాయి దేవుని బొమ్మకు పోయేది. మొద్దుగా దబ్బుమంటే "మూగది" అనేవాడు. అది మెట్లకో రోలుకో పోయేది. మా వీధిలో అందరిదీ ఇదే పద్ధతి. సుత్తి తగలని రాయిని మేం అసలు రాయిగా లెక్కేసేవాళ్ళం కాదు. మేం పిల్లలం వాగులో ఏరిన గులకరాళ్ళను కూడా గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాళ్ళం.

నీళ్ళు పోయడం నా పని. ఒకసారి నాయన "పలికింది" అన్న రాయికి నేను కూడా ఊరికే చెవి పెట్టి, "ఈ మూల పలకలేదు నాయనా" అన్నాను. ఆయన మళ్ళీ కొట్టి విన్నాడు. ఆ మూల తీసేసి చూస్తే లోపల వెంట్రుకంత పగులు ఉంది. అప్పటినుంచి కొత్త రాయి దిగినప్పుడల్లా "పాపా, ఈడ చెవి పెట్టు" అని పిలిచేవాడు. తన తల్లి పేరు గల పిల్లను పేరు పెట్టి పిలవలేక ఆయన నన్నెప్పుడూ పాపా అనే అనేవాడు. ఉలి ఇమ్మని అడిగితే మాత్రం "ఆడపిల్లకు ఏంటికి?" అని ఒక్కమాటతో తేల్చేసేవాడు. నాకు ఉన్నదల్లా ఆ చెవి ఒక్కటే. సుజాతకు ఎన్నున్నా ఇది లేదు గదా అని దాంతోనే తృప్తిపడేదాన్ని.

మామ, అంటే అమ్మ తమ్ముడు, మొదట బేతంచెర్ల పలకల గనుల్లో మందు పేల్చే పని నేర్చుకున్నాడు. తర్వాత రాజస్థాన్‌లో జింకు గనిలో ఉద్యోగం దొరికింది. భార్యనూ కూతుర్నీ నంద్యాలలో స్టేషన్ దగ్గరి ఇంట్లోనే ఉంచి, తాను ఏడాదికొకసారి రైల్లో వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా నాకు గాజులు, సుజాతకు గాజులతో పాటు ఇంకొకటి తెచ్చేవాడు. మాకు పన్నెండు పదమూడేళ్ళున్న ఆ వేసవిలో ఆ ఇంకొకటి ఈ రాయి. కూతుర్ని మా ఇంట్లో పదిరోజులు ఉంచిపోదామని వచ్చి, బిస్కెట్ల డబ్బాలోంచి, దూదిపొరల మధ్యనుంచి, మామే దాన్ని బయటికి తీశాడు.

అరచేతిలో పట్టేంత రాయి. కింద తుప్పుపట్టిన ఇనుము రంగు. దాని మీద ద్రాక్షపండ్లు ఒకదానికొకటి అతుక్కున్నట్టు నున్నటి బుడిపెలు. ఒకవైపు లేత పచ్చ, నడుమకు వచ్చేసరికి నీలం, అవతలి అంచున కొంచెం గులాబీ. పూసిన రంగేమో చూద్దామని అమ్మ గోటితో గీకబోయింది. మామ నవ్వి చేయి అడ్డం పెట్టాడు. "రంగు గాదక్కా. జింకు నీళ్ళల్లో కరిగి, తొర్రలో పొర మీద పొర పేరుకుంటాదంట. దాంట్లో రాగి కలిస్తే ఈ పచ్చ వస్తాదని మా ఇంజినీరు చెప్పినాడు. గని పైవరసలో పాత తొర్ర ఒకటి పగిలితే బయటపడింది. ఎన్ని బండ్లు తవ్వినా ఇట్లాంటిది కండ్లబడదు" అన్నాడు. డబ్బాలో ఇంగ్లీషులో రాసిన చీటీ ఒకటి ఉండేది. దాని పేరు స్మిత్సొనైట్ అని, నేను సైన్సు పాఠాలు చెప్పే రోజుల్లో గాని తెలుసుకోలేదు. అప్పటికి అది మాకు జింకురాయి, అంతే. దాన్ని చూసిన క్షణంలో నాకు దాని పేరూ అక్కర్లేదు, ఊరూ అక్కర్లేదు. అది నాది ఎందుకు కాలేదు అన్న ఒక్క ప్రశ్నే నా నెత్తిన కూర్చుంది.

సుజాత దాన్ని నాయన దగ్గరికి తీసుకుపోయింది. ఆయన పైగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. దేవుని బొమ్మ ముట్టుకునేటప్పుడు కూడా ఆయన చేతులు తుడుచుకోవడం నేను చూడలేదు. కొట్టం గుమ్మంలో ఎండకు నిలబడి ఆ రాయిని అటూ ఇటూ తిప్పాడు. పుడిసెడు నీళ్ళు పోశాడు. తడవగానే రంగులు రెట్టింపయ్యాయి. ఇప్పుడు సుత్తి అడుగుతాడని నేను తీసుకుని సిద్ధంగా నిలబడ్డాను. ఆయన నా చేతిలోని సుత్తిని చూసి తల అడ్డంగా ఊపాడు. "వద్దు. ఇది పని అయిపోయి వచ్చిన రాయి. దీనికి మనం చేసేదేం లేదు. సుత్తి తగలగూడదు. భద్రంగా పెట్టుకో పాపా" అన్నాడు. ఆ పాప నేను కాదు, సుజాత. ఆ ఒక్కరోజే ఆయన నోట నేను అన్ని మాటలు విన్నది, అవీ ఆమెతో.

తర్వాత నాలుగు రోజులూ అన్నానికి వచ్చినప్పుడల్లా ఆయన "ఏదీ పాపా, ఇంకోసారి చూపియ్" అని అడిగేవాడు. సుజాత మహారాణిలాగ డబ్బా తెచ్చి దూది విప్పేది. అది కూడా ఓర్చుకున్నాను. అయిదో రోజు కొట్టం ముందు కొత్త రాయి దిగింది. నీళ్ళు పోయమంటే పోశాను. చెవి పెట్టమంటాడని జడ వెనక్కి వేసుకుని నిలబడ్డాను. నాయన సుజాత వైపు తిరిగి "రా పాపా, నువ్వు గూడా ఒకసారి విను" అన్నాడు. ఆమె వంగి చెవి పెట్టి, "నాకేం తెలియల్యా మామా!" అని పకపకా నవ్వింది. ఆయనా నవ్వాడు. నేను ఏళ్ళ తరబడి నిలబడి సంపాదించుకున్న చోటులో ఆమె ఒక్క నిమిషం వంగి, నవ్వి, లేచి పోయింది. నాయన ఆ రోజు నన్ను పిలవడం మరిచిపోయాడు. అప్పుడు నాకు కలిగిన దాన్ని కోపం అని ఇన్నేళ్ళు అనుకున్నాను. కోపం కాదు, పచ్చి అసూయ. ఇప్పుడు దాచి ఏం లాభం?

మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరూ పడుకున్నారు. నాయన కొట్టంలోనే ఒక మూల చాప మీద, ముఖాన పైగుడ్డ కప్పుకుని పడుకున్నాడు. నేను మంచం కిందినుంచి డబ్బా తీసి, కొట్టం ఇవతలి మూలకు పోయి, గోనెపట్ట మీద ఆ రాయిని పెట్టాను. నా వాదన నాకుంది. మా ఇంటికి వచ్చిన ఏ రాయీ సుత్తి తప్పించుకోలేదు, దీనికేం ప్రత్యేకం? మూగది అని తేలితే నాయన దీన్ని మళ్ళీ చూడడు. చిన్న సుత్తితో మెల్లగా ఒక దెబ్బ వేశాను. మట్టిగడ్డ మాదిరి మొద్దు చప్పుడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంకోచోట కొట్టాను. అదే చప్పుడు. "మూగది" అని పైకే అన్నాను. మా పద్ధతిలో మూడు దెబ్బలు వేయాలి. మొదటి రెండూ వినడానికే కొట్టాను. మూడోది వినడానికి కాదు.

నడుమనున్న నీలం, అన్నిటికన్నా అందమైన చోటు, అర్ధరూపాయి బిళ్ళంత పెచ్చు లేచి, నేల మీద పడి మూడు ముక్కలైంది. కింద తుప్పురంగు బయటపడింది. తల ఎత్తితే నాయన నిలబడి ఉన్నాడు. రాతి చప్పుడులో తేడా ఆయనకు నిద్రలో కూడా తెలుస్తుందని నేను మరిచిపోయాను. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. వంగి నా చేతిలోంచి సుత్తి తీసుకున్నాడు. అదే సమయానికి సుజాత గుమ్మంలోకి వచ్చింది. ఖాళీ డబ్బా చూసింది, రాయి చూసింది, నాయన చేతిలో సుత్తి చూసింది.

"నేనే కొట్టినా పాపా" అన్నాడు నాయన. "అలవాటు. చెయ్యి ఊరుకోల్యా."

సుజాత గుక్కపట్టి ఏడ్చింది. అమ్మ లేచి వచ్చి "తలకాయ నెరిసినా బుద్ధి రాకపాయ నీకు. పిల్లది దాచుకున్న దాన్ని పట్టుకుని నాదం చూస్తావా?" అని ఆయన్ను దులిపేసింది. అందరూ నమ్మారు. నమ్మకేం, రాయి కనిపిస్తే కొట్టి చూడడం మావాళ్ళ రక్తంలోనే ఉంది. ఆదివారం మామ వచ్చి, ఆ రాయిని చేతిలో పెట్టుకుని పగిలిన చోటును బొటనవేలితో తడిమాడు. చివరికి, "రాయి తెలీనోడు పగలగొట్టినాడంటే అనుకోవచ్చు బావా. నువ్వేం మేస్త్రివి?" అన్నాడు. అంతమంది పనివాళ్ళ ముందు. నాయన "తప్పైపాయ" అన్నాడు. చేతికిచ్చిన రాయిని ఒక్కటి కూడా పాడుచేయలేదని పేరున్న మనిషి. తర్వాత ఎన్నో ఏళ్ళు వీధిలో ఎవరైనా అద్దమో గడియారమో చూపిస్తూ "మేస్త్రి కండ్లబడనీయొద్దు, కొట్టి చూస్తాడు" అని నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. నేను స్తంభం వెనక నిలబడి, ఇప్పుడు చెప్పేస్తా, ఇప్పుడు చెప్పేస్తా అనుకునేదాన్ని. చెప్పలేదు.

నాయన ఆ సంగతి నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి రాయి దిగితే నన్ను పిలవడం మానేశాడు. నీళ్ళు కూడా తానే పోసుకునేవాడు. కొన్నాళ్ళు కొట్టం చివర కూర్చుని ఏదో చిన్నది చెక్కుతూ, నేను పోతే గోనెపట్ట కప్పేసేవాడు. నా మీద రోత పుట్టి నా ముందు పని కూడా చేయడం లేదనుకున్నాను. సెలవు ముగిసి మామ ఈసారి భార్యనూ కూతుర్నీ కూడా రాజస్థాన్ తీసుకుపోతున్నాడని తెలిసింది. వాళ్ళు రైలెక్కే ముందురోజు నాయన చేతిసంచితో నంద్యాల బస్సెక్కాడు. ఏంటికని అమ్మ అడిగితే "ఉలులకు ఉక్కు కొనాల" అన్నాడు. సాయంత్రం ఉక్కు లేకుండానే వచ్చాడు.

ఆ తర్వాతి కాలమంతా నేను సుజాతను దూరం నుంచే చూసి కుళ్ళుకున్నాను. ఆమె గని కాలనీలో క్వార్టర్లో పెరిగింది, హిందీ నేర్చింది, కాలేజీకి పోయింది. నేను టీచరు ట్రైనింగు చేసి సంజామలలో, ఉయ్యాలవాడలో బస్సులు మారుతూ ఉద్యోగం చేశాను. ఆమె భర్త ఉద్యోగం అయిపోయాక వాళ్ళు నంద్యాలలో ఇల్లు కట్టుకుని పదేళ్ళయింది. పెళ్ళిళ్ళలో కలిస్తే "ఒకసారి ఇంటికి రా" అనేది. నేను ఏదో వంక చెప్పేదాన్ని. కానీ ఇంత అసూయలోనూ నాకొక ఓదార్పు ఉండేది. ఆమె దగ్గర రాయి ఉంది, నా దగ్గర మా నాయన చెప్పిన అబద్ధం ఉంది. నలుగురిలో పరువు పోగొట్టుకుని ఆయన నన్ను కాపాడాడు, ఆమెను కాదు. ఆయన పోయినరోజు కూడా ఆ సంగతి ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు అనుకునే ఏడ్చాను. ఇప్పుడు మా కొట్టం ఉన్నచోట కోతమిషన్లు తిరుగుతున్నాయి. రాయి పలికిందో లేదో వినాలంటే ముందు కరెంటు పోవాలి. కొలిమి లేదు, చుయ్యిమనే చప్పుడు లేదు. నా చెవి మాత్రం ఇంకా బాగానే పనిచేస్తోంది, వినమనే వాళ్ళే లేరు.

ఆ రోజు సుజాత కాఫీ తెమ్మని పనమ్మాయికి చెప్పి, నా చూపు ఎటుందో గమనించి, "తలుపు తీసి చూడు" అంది. తీశాను. అప్పుడు గాని నాకు ఆ రాయి కిందిది కనిపించలేదు. నల్లరాతి పీఠం. అరచేయంత పద్మం. నడుమ ఆ రాయి అడుగు ఎలా ఉందో సరిగ్గా అలాగే గుంత చెక్కి ఉంది. రాయి పగిలిన ముఖం వెనక్కి తిరిగి ఉంది, అక్కడ ఒక రేకు మాత్రం మిగతా వాటికన్నా పైకి లేచి, ఆ చోటును కప్పింది. ముందునుంచి చూస్తే రాయి నిండుగానే ఉంది. రేకు అంచున సన్నగా, పక్కకు వాలిన ఉలిగీతలు. ఆ వాలు ఎవరిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎడమచేతి మూడోవేలు సరిగ్గా ముడవలేని మనిషి ఉలి పట్టిన వాలు.

"వదినా, ఇది యాడిది?" అన్నాను.

"మామ, మీ నాయనే, చేసిచ్చినాడు గదా. మేం రైలెక్కే ముందురోజు సంచిలో పెట్టుకొని వచ్చినాడు. కొలతన్నా తీసుకోల్యా, ఆ నాలుగు రోజులు చూసిందే."

కుర్చీలో కూర్చుని, ఇన్నేళ్ళు మింగిన మాట బయటికి తీశాను. "వదినా, ఆ పొద్దు కొట్టింది నాయన గాదు."

"తెల్సు" అంది సుజాత, చక్కెర సరిపోయిందా అన్నంత మామూలుగా. "మామే చెప్పినాడు, ఇది నా చేతికిచ్చినప్పుడు. ఎవురికీ చెప్పొద్దు, నీకు అసలే చెప్పొద్దు అన్నాడు."

"ఇంకేమన్నాడు?"

"దాని చెవి నా చెవి కన్నా మేలైంది పాపా, అన్నాడు. అంత చెవి పెట్టుకొని ఉలి అడిగితే నేను ఇయ్యకపోతి. ఇంక రాళ్ళకాడికి పిలిచి ఆశ పెట్టను. అది కొట్టిందంటే నేను కొట్టినట్టే, నేనేం అబద్ధం చెప్పల్యా, అన్నాడు. కండ్లల్లో నీళ్ళు పెట్టుకున్నాడు ఈశ్వరీ. మా నాయన యాడాదికి ఒక రాయి తెచ్చేటోడు, అంతే. నాకోసం ఇట్ల ఎవురన్నా మాట పడతారా అని ఆ పొద్దంతా నీ మీద కుళ్ళుకున్నా."

ఆమె నా మీద కుళ్ళుకుందన్న మాట వింటే నాకు చల్లగా ఉండాలి. లేదు. మా నాయన కన్నీళ్ళు నేను చూడలేదు, ఆమె చూసింది. నా గురించి ఆయన అన్న ఒకే ఒక మంచిమాట కూడా నా చెవిన కాక ఆమె చెవినే పడింది. నాదే అనుకుని ఇన్నాళ్ళు దాచుకున్న ఆ ఒక్క రహస్యం మొదటినుంచీ ఆమె బీరువాలోనే ఉంది. మనసారా ఏడ్చాను. అందులో నాయన కోసం ఏడ్చింది ఎంతో, ఆమె మీద ఉక్రోషంతో ఏడ్చింది ఎంతో నేను విడదీసి చెప్పలేను.

సుజాత లేచి, కుర్చీలు పట్టుకుంటూ బీరువా దాకా నడిచి, రెండు చేతులా ఆ జింకురాయిని ఎత్తి నా ఒళ్ళో పెట్టింది. "తీసుకపో. నీ కన్ను ఎప్పట్నుంచి దీనిమీదుందో నాకు తెలీదా?" అంది. ఒళ్ళో ఉంది. పచ్చ, నీలం, గులాబీ. ఏళ్ళ తరబడి కలల్లో చూసింది. దాని బరువు తెలుస్తోంది గాని నాకేమీ అనిపించలేదు.

"నాకు ఇది వద్దు వదినా. ఆ కిందిది ఇస్తావా?"

సుజాత పీఠం వైపు చూసింది. నా వైపు చూసింది. ఆమె ముఖంలో చిన్నప్పటి ఎర్ర రిబ్బన్ల పిల్ల ఒక్క క్షణం కనిపించింది. "అది మాత్రం ఇయ్యను" అంది. అయినా పీఠాన్ని తెచ్చి బల్ల మీద నా ముందు పెట్టింది. "కావాలంటే కొట్టి చూసుకో."

నా దగ్గర సుత్తి లేదు. వేలి గణుపుతో మూడుచోట్ల మెల్లగా కొట్టి, వంగి చెవి ఆనించాను.

"పలికిందా?" అని అడిగింది సుజాత.

నేను జవాబు చెప్పలేదు. అదొక్కటైనా నా దగ్గర ఉండనీ అనుకున్నాను.